1918 నాటి ఒక కుటుంబం – పిల్లల చేత వ్రాయించదగిన కథ



"మహమ్మారి" అన్న మాటలో "మారి" ఉన్నది, గమనించారా? మన పొలిమేరలలోని మారెమ్మ గుళ్ళు అంటురోగాలకు వణికిన కాలపు గుర్తులు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలు సేలం జిల్లాలో ఉండిన ఆ కాలాన్ని గురించి మన పిల్లలకు తెలిసినది బహు స్వల్పం.

1896లో బొంబాయిలో బయలుదేరిన ప్లేగు 1898లో బెంగుళూరు చేరినది. హోసూరుకు అది 40 కిలోమీటర్ల దూరమే. ఎలుకలు చచ్చి పడితే ఇల్లు విడిచి, పొలంలో గుడిసె వేసుకొని బ్రతకడం ఆనాటి జనం నేర్చిన ఉపాయం.

ఇరవై ఏండ్లకు ఇన్‌ఫ్లుయెంజా వచ్చినది. దానికి ఆ ఉపాయం పనికిరాలేదు. 1918 జూన్‌లో బొంబాయి రేవున మొదలై, సెప్టెంబరు తరువాత ఉగ్రరూపం దాల్చినది. ఆ ఏడే వానలు తప్పినవి, ధాన్యం ధరలు పెరిగినవి. దేశంలో 1 కోటి 20 లక్షలకు తక్కువ కాకుండా మరణించారని అంచనా. మన జనాభా లెక్కల చరిత్రలో జనసంఖ్య తగ్గిన దశాబ్దం 1911–1921 ఒక్కటే.

ఆ జ్వరం 20 నుండి 40 ఏండ్ల వారిని, వారిలోనూ స్త్రీలను ఎక్కువగా బలిగొన్నది. రోగులకు సేవ చేసినదీ, అందరి తరువాత తిన్నదీ వారే కదా!

ఇక ఒక కుటుంబాన్ని ఊహించండి. కృష్ణగిరి దగ్గరి పల్లె. రాగిచేను సగం ఎండినది. బండి తోలుకొని బెంగుళూరు వెళ్ళిన తండ్రి దగ్గుతో తిరిగి వచ్చాడు. అతనికి సేవ చేసిన తల్లి నాలుగో నాడు మంచం పట్టినది.

"అవ్వా, అమ్మ లేస్తుందా?"

"లేస్తుంది నాయనా. నువ్వు గంజి తాగు."

ఆమె లేవలేదు. తల్లి పాడిన జోలపాటను ఆ పిల్లవాడు, చంటి చెల్లెలు ఇక అవ్వ నోటనే విన్నారు.

ఈ కుటుంబం కల్పితం. ఆ జ్వరం, ఆ కరువు, తల్లి లేని పిల్లలు మాత్రం కల్పన కాదు. జనాభా లెక్కలు సంఖ్యను దాచినవి. దుఃఖాన్ని దాచినది ఇంటి భాష. మన ఇండ్లలో ఆ భాష తెలుగు.

1918ని చూసినవారు నేడు లేరు. వారి నోట విన్నవారు ఎనభై ఏండ్ల పెద్దలు. వారు చెప్పేది తెలుగులో. వినవలసిన మనుమలలో చాలామందికి తెలుగు మాట వచ్చును, వ్రాత రాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో తెలుగుకు చోటు తగ్గినది. బడి నేర్పలేనిది ఇల్లయినా నేర్పాలి.

అందుచేత ఈ సెలవులలో పిల్లలను పెద్దల దగ్గర కూర్చోబెట్టండి. "మీ అవ్వ చిన్ననాట ఏ జబ్బు వచ్చింది? ఇంట్లో ఎవరు పోయారు? పిల్లలను ఎవరు సాకారు?" అని అడగమనండి. 2020లో కరోనాను చూసిన పిల్లలకు ఆ జవాబులు కొత్తగా తోచవు. విన్నదానిని పది వాక్యాల కథగా తెలుగులో వ్రాయించండి. అక్షరదోషాలను తరువాత దిద్దవచ్చును.