వెట్టి పోవడానికి ఎన్ని రోజులు పట్టింది?

పోయిన చలికాలం మా మనవణ్ణి చూసిపోదామని జియా సరాయ్ వెళ్లాను. ఐఐటి పక్కనే ఉన్న ఈ సరాయ్‌లో ఏ సందు చూసినా కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, పుస్తకాల కొట్లు. సివిల్స్‌కి చదువుతున్న మావాడు ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి, తను మంచం మీద కూర్చున్నాడు.

"తాతా, నువ్వు ఫౌజీవి కదా, ఇది చెప్పు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది గెలిచింది, బానిసత్వం రద్దయింది. మరి నల్లవాళ్లకి ఓటు హక్కు గట్టిగా దక్కడానికి ఇంకో వందేళ్లు ఎందుకు పట్టింది?"

జవాబు మా ఊళ్లోనే ఉందనిపించింది.

అమెరికాలో ఆ యుద్ధం 1861 నుంచి 1865 దాకా నాలుగేళ్లు సాగింది. ఆరు లక్షలకు పైగా సైనికులు చనిపోయారు. ఉత్తరాది సైన్యంలో దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పోరాడారు. సుమారు 40 లక్షల మందికి విముక్తి కలిగింది. కానీ వాళ్లలో ఎక్కువమందికి సెంటు భూమి దక్కలేదు. పాత యజమాని పొలాన్నే పాలుకు చేసి, అతని అప్పులోనే కూరుకుపోయారు. 1877లో కేంద్ర సైన్యం వెనక్కి రావడంతో దక్షిణాది పెత్తనం మళ్లీ పాతవాళ్లదే అయింది. ఓటింగ్ హక్కుల చట్టం 1965లో గాని రాలేదు.

ఇక మన సంగతి. నిజాం పాలనలో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని వేలం వేయలేదు గాని, వెట్టి ఉండేది. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగలు చెప్పులు కుట్టాలి, అన్నీ ఉత్త పుణ్యానికే. దొర బిడ్డ అత్తారింటికి పోతే వెంట ఆడబాపను పంపేవారు. మా తాత జనగామ వైపు ఒక గడీలో భగేలా. వాళ్ల నాయన పెళ్లికి చేసిన అప్పుకు ఈయన చాకిరీ చేశాడు.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు. పోరు నల్గొండ, వరంగల్ జిల్లాలంతా పాకింది. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊచకోత కోశారు.

సెప్టెంబరు 13న మన సైన్యం 'ఆపరేషన్ పోలో' మొదలుపెట్టింది. 17న నిజాం లొంగిపోయాడు. 18న జనరల్ ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు ఆయుధాలు దించాడు. అంతా అయిదు రోజుల పని. ఫౌజువాడిగా నాకది గర్వమే. అయితే తర్వాతి కథ కూడా మనమే చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండను కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందమే రాసిపెట్టింది. భూమి పంచుకున్న రైతుల దళాల మీదికి కూడా అదే సైన్యం నడిచింది. 1951 అక్టోబరులో గాని ఆ సాయుధ పోరు ఆగలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారు చట్టం, రాజ్యాంగం 23వ అధికరణం వచ్చాయి. పారిపోయిన దొరలు మాత్రం చాలాచోట్ల తెల్లటోపీలు పెట్టుకొని తిరిగొచ్చారు.

నేను 1974లో ఫౌజులో చేరాను. మరుసటేడు సెలవు మీద యూనిఫాంలోనే ఊరికి పోయాను. దారిలో దొర కొడుకు ఎదురొచ్చాడు. నా పక్కన నడుస్తున్న తాత గబుక్కున చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "వెట్టి పోయింది గద తాతా" అన్నాను.

"కాయితం మీద పోయింది బిడ్డా, కాళ్లల్లకెల్లి ఇంకా పోలే" అన్నాడు.

అప్పుకింద మనిషిని కట్టేసే పద్ధతిని నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది 1976లో. అయిదు రోజుల గెలుపుకీ ఆ చట్టానికీ మధ్య 28 ఏళ్లు!

మావాడికి ఇదే చెప్పాను. "కొండను పట్టుకోవడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు నాయనా. భూమి, పట్టా కాగితం, చదువు చేతికి రాకపోతే గెలిచిన కొండ మళ్లీ పోతుంది. అమెరికాలో జరిగిందీ, మనూళ్లో జరిగిందీ అదే."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "మీ తాత పేరేంటి తాతా?" అని నోట్‌బుక్కు తీశాడు.

మన సంఘ సభ్యులకు నా మనవి ఒక్కటే. వెట్టి చూసిన పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఇంకా ఉంటే, వాళ్ల మాట ఇప్పుడే రాయించి పెట్టండి.