అరికమేడు ఎఱ్ఱపూసలు: రత్నముల పుట్టుచోటు నెఱుగు విధము

పాండిచ్చేరికి దక్షిణమున, అరియాంకుప్పము నది యొడ్డున అరికమేడు అను దిబ్బ కలదు. 1945లో సర్ మార్టిమర్ వీలర్ అచ్చట త్రవ్వకములు జరిపించి రోమను కాలపు పాత్రల పెంకులను వెలికి తీసినది మొదలు ఆ చోటు చరిత్రకారులకు సుపరిచితమైనది. క్రీస్తు శకము తొలి శతాబ్దినాటి గ్రీకు నావికగ్రంథమైన 'పెరిప్లస్'లో పేర్కొనబడిన పొదుకె రేవు ఇదియేయని పలువురి అభిప్రాయము. పెంకులతోపాటు అచ్చట విస్తారముగా లభించినవి పూసలు. గాజుపూసలు, స్ఫటికపు పూసలు, వానినడుమ ముదురెఱుపు గార్నెట్టు పూసలు. పూర్తియైనవియే కాక సగము చెక్కినవియు, విఱిగినవియు, ముడిరాళ్లును దొరకినందున అది కేవలము బేరసారముల రేవు కాదనియు, పూసలు తయారుచేసిన చోటనియు తేటపడినది.

మఱి ఆ ఎఱ్ఱరాయి ఏ కొండలో పుట్టినది?

ఇట్టి ప్రశ్నయే పందొమ్మిదవ శతాబ్దిలో జేడ్ అను ఆకుపచ్చరాతి విషయమున ఐరోపా పండితులను ముప్పుతిప్పలు పెట్టినది. ఆ కథ ముందు చెప్పక తప్పదు. రత్నముల పుట్టుచోటు నెఱుగు శాస్త్రము తప్పటడుగులు వేసి నడక నేర్చినది అచ్చటనే.

జేడ్ అనునది ఒక రాయి కాదు, రెండు రాళ్లు. ఫ్రెంచి ఖనిజశాస్త్రజ్ఞుడు డామూర్ 1863లో రసాయనపరీక్షచే దీనిని నిరూపించెను. ఒకటి నెఫ్రైటు, ఇది కాల్షియము, మెగ్నీషియములతో కూడిన సిలికేటు. చైనావారు అనాదిగా ఆదరించిన ఖోటాను నదులలోని రాయి ఇదియే. రెండవది జేడైటు, ఇది సోడియము, అల్యూమినియముల సిలికేటు. బర్మానుండి చైనాకు పదునెనిమిదవ శతాబ్దిలో విరివిగా వచ్చినది ఇది. కంటికి రెండును ఒక్కటే. కాని నెఫ్రైటు నీటికంటె సుమారు 2.95 రెట్లు, జేడైటు 3.3 రెట్లు బరువు. కావున త్రాసును నీటిగిన్నెను ఇచ్చినచో ఉన్నత పాఠశాల బాలురు సైతము, రాతికి గీటైనను పడకుండ, రెంటిని వేఱుచేయగలరు. కోయరాని, పగులగొట్టరాని పురావస్తువులకు ఇట్టి పరీక్షయే శరణ్యము.

ఐరోపాలో నవీనశిలాయుగపు గొడ్డండ్లు పెక్కు ఈ రాళ్లతో చేసినవి దొరకుచుండెను. కాని ఆ ఖండమున జేడ్ గని యొక్కటియు నాడు తెలిసియుండలేదు. అందుచేత ఫ్రైబర్గు ఆచార్యుడు హైన్రిఖ్ ఫిషర్ 1875లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించి, ఆ రాళ్లు ఆసియానుండి వలసవచ్చిన జనులు తెచ్చినవియే అని వాదించెను. అమెరికాఖండపు జేడ్ వస్తువులకును ఆసియానే చూపెను. డ్రెస్డెను నగరమునందలి ఏ. బి. మేయర్ దీనిని ఖండించి, రాళ్లు స్థానికములే, వెదకువారు లేరు అనెను. పదేండ్లు తిరుగకముందే సైలీషియాలో, నేటి పోలెండునందలి యోర్డనూవు వద్ద, నెఫ్రైటు కొండరాతిలోనే కనబడినది. గ్వాటెమాలాలోని మోటాగ్వా లోయ జేడైటును గూర్చి 1955లో ఫోషాగ్, లెస్లీ అనువారు వ్రాసిరి. ఆల్ప్సు జేడైటు గొడ్డండ్ల క్వారీలు మాత్రము 2003 వఱకు దొరకలేదు. పెట్రెకాన్ దంపతులు వానిని ఇటలీలోని మోంటే వీజో శిఖరప్రాంతమున, 2000 మీటర్లకు పైబడిన యెత్తున కనుగొనిరి. ఫిషర్ శ్రమకు వంక పెట్టుటకు లేదు. కాని గని కనబడకుండుటను గని లేకుండుటగా గ్రహించి, ఒక జాతి వలసకథనంతయు దానిపై నిలిపినాడు.

ఇప్పుడు గార్నెట్టుకు వత్తము. మన నవరత్నములలోని గోమేధికము కూడ గార్నెట్టు కుటుంబమునకు చెందినదే, కాని అది కాల్షియము గలది; అరికమేడు పూసలు ఇనుము అధికముగా గల ఆల్మండీను జాతివి. ఎలక్ట్రానుల సన్నని ధారను రాతిపై ప్రసరింపజేసినచో, అందలి మూలకములు తమతమ ప్రత్యేక ఎక్సు కిరణములను వెలువరించును. దానిచే ఇనుము, మాంగనీసు, మెగ్నీషియము ఏయే పాళ్లలో నున్నవో, గింజ నడుమనుండి అంచువఱకు ఆ పాళ్లు ఎట్లు మాఱినవో తెలియును. అదిగాక రాయి పెరుగునప్పుడు తనలో బంధించిన ఇతర ఖనిజముల నలుసులు సూక్ష్మదర్శినిలో కనబడును. వర్తకుడు వీనిని దోషములని వెల తగ్గించును. చరిత్రకారునకు అవియే జన్మపత్రిక.

2017లో ష్మెట్జర్, గిల్గ్ మున్నగు శాస్త్రజ్ఞులు ఈ పద్ధతులతో అరికమేడు గార్నెట్లను పరిశీలించి ప్రకటించిరి. మూలకముల పాళ్లును, అవి మాఱు తీరును, సిల్లిమనైటు అను ఖనిజపు సన్నని నారలు మొదలగు నలుసులును తెలంగాణములోని కొత్తగూడెము సమీపమునగల గరీబ్‌పేట కొండ గార్నెట్లతో సరిపోయినవి. కొండకును రేవునకును నడుమ 600 కిలోమీటర్లకు పైగా దూరము.

ఈ మాట విన్నంతనే మనవారికి ఉత్సాహము కలుగుట సహజము. తమిళదేశమున తరతరములుగా కాపురమున్న తెలుగువారము. రెండువేల యేండ్లనాడే మన రాయి ఇచ్చటికి వచ్చినదన్నచో, మనమును అప్పుడే వచ్చితిమని చెప్పబుద్ధియగును. నా విద్యార్థులు అట్లే అడిగిరి. కాని అట్లు చెప్పుట ఫిషర్ త్రోవను మరల నడచుటయే. అరికమేడు పెంకులపై తమిళ బ్రాహ్మి లిపిలో వ్రాతలున్నవి. రాయి పుట్టిన గడ్డ వేఱు, దానికి బెజ్జము వేసిన చేయి వేఱు. తైవాను తూర్పుతీరపు నెఫ్రైటును గూర్చి 2007లో వెలువడిన పరిశోధన దీనినే చూపుచున్నది. ఆ రాయి ఫిలిప్పీనులు, వియత్నాము, థాయిలాండుల వఱకు, 3000 కిలోమీటర్ల అడ్డుకొలత గల సముద్రప్రాంతమున వ్యాపించినది. దానితో చేసిన చెవిపోగులలో కొన్ని తైవానులో గాక, పరదేశపు రేవులలోనే మలచబడినవి.

రత్నముల పేళ్లు మఱింత మోసకరములు. ఆల్మండీను అను పేరు ఆసియామైనరులోని అలబాండా నగరమునుండి వచ్చినది. గోల్కొండ వజ్రములు గోల్కొండలో పుట్టలేదు. కృష్ణ యొడ్డున కొల్లూరు మొదలగు గనులలో పుట్టి గోల్కొండ రాజ్యపు సంతలో అమ్ముడుపోయినవి. పచ్చల సంగతి ఇంకను విచిత్రము. వానిలోని ఆక్సిజను ఐసోటోపులను కొలిచి 2000లో జూలియాని బృందము తేల్చినదేమన, 18వ శతాబ్దిలో మన దేశమున సానపట్టిన మేలి పచ్చలలో అధికభాగము దక్షిణ అమెరికాలోని కొలంబియావి. స్పెయినువారి ఓడలలో, కొన్ని ఫిలిప్పీనుల మీదుగా, అవి ఇచ్చటికి చేరినవి. తరతరముల ఆస్తియని పెట్టెలో దాచిన నగ యందలి పచ్చకు ఎన్ని సముద్రములు దాటిన చరిత్ర యున్నదో!

మన దేశపు గార్నెట్లును అట్లే దూరదేశములకు పోయినవి. పారిస్ సమీపమున సెయింట్ డెనీ దేవాలయపు సమాధులలో దొరకిన ఫ్రాంకు రాజవంశీయుల నగలలోని గార్నెట్లను కాలిగారో, పెరాఁ అను పండితులు పరీక్షించి, తొలినాటి రాళ్లలో పెక్కింటికి భారతదేశమును, సింహళమును మూలస్థానములుగా చూపిరి. ఏడవ శతాబ్దినాటికి తూర్పురాళ్ల రాక సన్నగిల్లినది. బొహీమియా గార్నెట్లు వాని చోటు నాక్రమించినవి.