సైరను కూత, రైలు కూత

ఉగాది సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, "అయ్యా, నేను టిక్కెట్లు ఇచ్చేవాడినే గాని వ్యాసాలు వ్రాసేవాడిని కాను" అని తప్పించుకోజూచినాను. వారు వదలలేదు. "నీవు పుట్టి పెరిగిన ఊరిని గూర్చి వ్రాయి, చాలు" అన్నారు. పదవ తరగతితో చదువు ముగించిన ఒక రైల్వే గుమాస్తా వ్రాతగా దీనిని భావించి, తప్పులుంటే పెద్దలు మన్నించవలెనని నా మనవి.

నేను పుట్టినది కోలారు బంగారు గనుల్లో. బెంగుళూరుకు అది సుమారు నూరు కిలోమీటర్లే. అయినా మా చిన్నతనంలో మాకు అదొక వేరే లోకం. బంగారపేట జంక్షనులో పెద్ద లైను వదలి శాఖ లైను పట్టుకుంటే కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్, మారికుప్పం స్టేషన్లు వస్తాయి. మారికుప్పంతో పట్టాలు ఆగిపోతాయి. ఆ పైన దారి భూమి లోపలికే.

ఈ నేలలో బంగారమున్నదని తెల్లవారికి ముందు తెలియదు. ఊరివాళ్ళకు తెలుసు. 1802లో వారెన్ అనే సైనికోద్యోగి సర్వే పని మీద వచ్చి, మారికుప్పం ప్రాంతపు జనం మన్ను కడిగి బంగారు రేణువులు తీయడం కండ్లారా చూచి నివేదిక వ్రాసినాడు. 1870వ దశకంలో లవెల్లి అనే మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వం వద్ద తవ్వకానికి అనుమతి పొందినాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు దిగిన పిమ్మట గనులు నిలద్రొక్కుకున్నవి. 1894లో రైలు వచ్చినది. 1902లో శివనసముద్రం జలపాతం నుండి సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి విద్యుచ్ఛక్తి తెచ్చినారు. బెంగుళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగినది 1905లో గనుక, ఈ విషయంలో రాజధాని కంటె మా ఊరే పెద్దది!

ఈ పేర్లన్నీ పుస్తకాల్లో ఉన్నవి. పుస్తకాల్లో లేనిది మా తాత పేరు.

మా తాతది కుప్పం దగ్గర ఒక పల్లె. వరుసగా రెండేండ్లు వానలు లేక చెరువు ఎండిపోతే, ఒక దుప్పటి, ఒక చెంబు తీసుకుని రైలెక్కి గనులకు వచ్చినాడు. ఎందుకు వచ్చినావని అడిగితే, "కుప్పంలో కూడు పుట్టలేదురా, మరి కుప్పం చూసుకుందామని మారికుప్పం వచ్చినా" అని నవ్వేవాడు. కుప్పం, పలమనేరు, పుంగనూరు ప్రాంతాల నుండి ఇట్లు వచ్చినవారెందరో. తమిళ దేశం నుండి వచ్చినవారు వీరికంటె ఎక్కువ. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. అంతకు ముందు పలమనేరు వంటి మన తావులు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. కనుక తొలి రోజుల్లో వచ్చినవాడు ఉత్తర ఆర్కాటువాడని వ్రాసి ఉంటే, అతడు ఇంట్లో తెలుగు మాట్లాడినాడో తమిళం మాట్లాడినాడో ఆ కాగితం చెప్పదు.

గనిలో ఆ తేడా ఉండేది కాదు. మా లైను ఇండ్లలో ఒక గోడకు ఇటు మేము, అటు తమిళులు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం. మూడూ ఒకే నోట పలికేవాళ్ళం. ఉగాదినాడు మా అమ్మ గిన్నెలో వేపపూత పచ్చడి పోసి పక్కింటికి పంపేది. ఏప్రిల్‌లో వాళ్ళ సంవత్సరాదికి ఆ గిన్నె వాళ్ళ మామిడికాయ పచ్చడితో తిరిగి వచ్చేది. ఉత్త గిన్నె తిరిగి వచ్చినట్టు నాకు జ్ఞాపకం లేదు.

మా ఊరికి గడియారం సైరను. రోజుకు మూడు షిఫ్టులు. సైరను కూతను బట్టి అమ్మ పొయ్యి వెలిగించేది, సైరను కూతను బట్టి మేము బడికి పోయేవాళ్ళం. మా నాయన భూమి క్రింద రాయి కూలకుండా దూలాలు బిగించే పని చేసేవాడు. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లకు పైమాటే. ఒకప్పుడు ప్రపంచంలోని మిక్కిలి లోతైన గనులలో అది ఒకటి. అడుగున రాతి వేడిమి 60 డిగ్రీలు దాటేది. యంత్రాలతో చల్లబరచిన గాలిని లోపలికి పంపితేగాని మనిషి నిలువలేడు. ఆకాశం నుండి వచ్చే న్యూట్రినోలనే సూక్ష్మకణాల జాడను 1965లో శాస్త్రజ్ఞులు ఆ గనిలోనే కనిపెట్టినారు. మా తాత మాత్రం, "బంగారం చాలదని ఇంకేమో వెతుకుతున్నారు" అనేవాడు.

అప్పుడప్పుడు లోపల రాయి ఒత్తిడికి తాళలేక పగిలేది. రాక్ బర్స్టు అనేవారు. ఇంట్లో గిన్నెలు గలగలమనేవి, నేల కదిలేది. ఆడవాళ్ళు చేతిలో పని చేతిలోనే వదలి వీధిలోకి వచ్చి నిలిచేవారు. ఎవ్వరూ మాట్లాడేవారు కారు. షిఫ్టు దిగినవారు కనబడేదాకా ఆ నిలబాటే. అలా నిలిచిన మా అమ్మ కొంగు పట్టుకుని నేనూ నిలిచినాను. నాయన రావడం కనబడగానే ఆమె గబగబ లోపలికి పోయి, ఏమీ జరగనట్టు పొయ్యి ముందు కూర్చునేది. మూడు భాషల ఆడవాళ్ళకూ ఆ భయం ఒక్కటే.

1956లో గనులు మైసూరు ప్రభుత్వం వశమైనవి. 1962లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడినది. ఈ బంగారపు పట్టీ దక్షిణంగా మన చిత్తూరు జిల్లాలోకి సాగుతుంది. బిసానత్తం, చిగురుకుంటల్లో కూడ ఆ సంస్థ గనులు నడిపినది. కాని లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగినది, రాతిలో బంగారం తగ్గినది. తొలి రోజుల్లో టన్ను రాతికి నలభై గ్రాములకు పైగా వచ్చినచోట తుదకు మూడు నాలుగు గ్రాములే మిగిలినవి. 2001 ఫిబ్రవరి 28తో గనులు మూతపడినవి. నూట ఇరవై ఏండ్లలో మొత్తం సుమారు 800 టన్నుల బంగారం బయటికి వచ్చినదని లెక్క.

అప్పుడు నేను ఏడవ తరగతి. సైరను ఆగిన మరునాడు అమ్మ పొయ్యి ఎప్పుడు వెలిగించాలో తోచక చీకటితోనే లేచి గడపలో కూర్చున్నది. "నిద్రపో" అన్నాడు నాయన. తాను మాత్రం నిద్రపోలేదు.

ఊరు చచ్చిపోతుందనుకున్నారు. చావలేదు. దానిని బ్రతికించినది రైలు. 1964లో నెలకొన్న బి.ఇ.ఎం.ఎల్. కర్మాగారం కొందరికి అన్నం పెడుతూనే ఉన్నది. మిగిలినవారు తెల్లవారక ముందే మారికుప్పం బండి ఎక్కి బెంగుళూరు పోయి, రాత్రికి తిరిగి వస్తున్నారు. గనుల కోసం వేసిన పట్టాలు గనులు పోయిన తర్వాత మనుషుల కోసం మిగిలినవి. ఒకప్పుడు తండ్రులను పాతాళానికి దించిన ఊరు ఇప్పుడు బిడ్డలను రాజధానికి పంపుతున్నది.

మా నాయన కూడ ఆ బండే ఎక్కినాడు. భూమి క్రింద పాతికేండ్లు పనిచేసినవాడు ఒక మేడ ముందర కుర్చీ వేసుకుని కాపలా కాసినాడు. "ఎట్లా ఉంది నాయనా పని?" అని అడిగితే, "గాలి బాగా వస్తుంది" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు.

నేను రైల్వేలో చిన్న పనిలో చేరి, శాఖా పరీక్ష ప్యాసై గుమాస్తానైనాను. టిక్కెట్టు కిటికీ దగ్గర కూర్చున్న మొదటి నెలలో ఒక ఉదయం వరుసలో మా నాయన వచ్చినాడు. ఇతరుల మాదిరిగానే డబ్బులు చాచి, "నెల టిక్కెట్టు సార్" అన్నాడు. నేను తల ఎత్తలేకపోయినాను. టిక్కెట్టు అందుకుని, వెనుకనున్నవారితో తమిళంలో, "మా అబ్బాయే" అని చెప్పి పోయినాడు.

ఇప్పుడు మా తాత లేడు. ఆనాటివారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఊరి పక్కన సైనైడు మన్ను దిబ్బలు కొండల్లా నిలిచి ఉన్నవి. ఎండాకాలం గాలికి ఆ దుమ్ము ఇండ్లలోకి వస్తుంది. ఎంత రాయి తవ్వినారో ఆ దిబ్బలు చెబుతాయి. ఎవరు తవ్వినారో చెప్పవు. బంగారానికి తూకం ఉన్నది. తవ్వినవారిలో మనవారెవరో, ఏ పల్లెను వదలి వచ్చినారో చెప్పే చిట్టా మాత్రం మన ఇండ్లలో లేదు.

కాబట్టి సంఘం పెద్దలకు నా మనవి ఒక్కటే. ఒక నోటు పుస్తకం తెరవండి. మన కుటుంబాల్లో మొదట వచ్చినదెవరు, ఏ పల్లె నుండి, ఏ సంవత్సరం, ఏ షాఫ్టులో పని చేసినారు అని నాలుగు మాటలు వ్రాయించండి. పక్కింటి తమిళులను కూడ అడగండి. మన తాతల సంగతులు మనకంటె వారికే ఎక్కువ తెలిసి ఉండవచ్చు. మొదటి పేజీలో మా తాత పేరు నేను వ్రాస్తాను. ఆయన వచ్చిన సంవత్సరం మా నాయననడిగి, ఈ పండుగ దాటకుండానే తెలుసుకుంటాను.

తెలుగు కుటుంబాలన్నింటికీ, మన ఇరుగుపొరుగులకూ ఉగాది శుభాకాంక్షలు.