కానుగ చెట్టు బొమ్మ

1940లలో తమిళ నేల మీద కోవిల్‌పట్టి. ఊళ్లో మకాం వేసిన నాటకం కంపెనీ చేతులెత్తేసింది. నటులు పెట్టెలు సర్దుకుని రైలెక్కుతున్నారు. తెరలు రాసే ఆయన మాత్రం ఉండిపోయాడు. పేరు సి.కొండయ్య రాజు. 1898లో మద్రాసులో పుట్టాడు, అక్కడి చిత్రకళాశాలలో చదివాడు, తిరువణ్ణామలైలో రమణాశ్రమంలో కొంతకాలం గడిపాడు. ఇప్పుడు ఈ నల్లరేగడి ఊరే ఆయనకు ఇల్లు.

ఆయన పనిచేసే గది గుమ్మంలో నిలబడి చూడండి. రంగులు, జిగురు కలిసిన వాసన. గురువు చుట్టూ శిష్యులు. ఒకే పటం మీద ఇద్దరి చేయి పడుతుంది. వల్లీదేవసేనల నడుమ మురుగన్ నిలబడ్డాడు. వెనక ఆ స్తంభాలు, ఆ తోట, దూరంగా సన్నబడే ఆ దారి చూశారా? అవన్నీ నాటకం తెర మీంచి దిగివచ్చినవే. కంపెనీ పోయినా రంగస్థలం పోలేదు. అడుగున గురువు పేరు, పక్కనే టి.ఎస్.సుబ్బయ్య పేరు. శిష్యుడి పేరును తన పేరు పక్కన నిలబెట్టిన గురువంటే నాకు ఎంతో గౌరవం.

రాజు అన్న పేరు వింటే తంజావూరు గుర్తొస్తుంది. అక్కడ బంగారు రేకు అంటించి దేవుళ్ల పటాలు వేసింది రాజు కులంవాళ్లు, మదురైలో నాయుడ్లు. నాయక ప్రభువుల కాలంలో తెలుగు నేల నుంచి దిగివచ్చిన కుటుంబాలు వాళ్లవి. కోవిల్‌పట్టి పటాలు మాత్రం శివకాశిలో అచ్చయి, క్యాలెండర్లుగా ఇంటింటికీ చేరాయి.

ఇక ఈ రోజుల్లోకి వచ్చి, కోవిల్‌పట్టి నుంచి తూర్పుకు వెళ్దాం, నాగలాపురం వైపు. కిటికీ బయట రేగడి చేలు, సర్కారు తుమ్మ పొదలు, రోడ్డు వారగా ఎండబోసిన మిరపకాయలు. ఘాటుకు కళ్లు మండుతాయి. ఒక తెలుగు ఇంటి అరుగు మీద అవ్వ.

"రాండి, కూసోండి నాయనా."

లోపల గోడ మీద అదే మురుగన్. అద్దం మీద కుంకుమ బొట్లు ఒకదానిపై ఒకటి పేరుకున్నాయి. పెద్దలు ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే అవ్వ కళ్లు మెరుస్తాయి. తురకరాజు పిల్లనడిగాడు. ఇవ్వలేక రాత్రికి రాత్రి బయల్దేరారు. ముందు ఏరు, వెనక గుర్రాలు.

"కానగ చెట్టు వంగె. మనోళ్లు దాటిరి."

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన కి.రాజనారాయణన్ ఇలాంటి వలస కథనే 'గోపల్ల గ్రామం' నవలగా మలిచారు. అది 1976లో వచ్చింది. కొండయ్య రాజు పోయిందీ ఆ ఏడాదే.

కథకు నవల దొరికింది. బొమ్మ మాత్రం ఈ ఇళ్ల గోడల మీద నాకెక్కడా కనిపించలేదు. నాకు తోచే కారణం ఒకటే: క్యాలెండరు బొమ్మకు ఏ ఇల్లూ పరాయిది కాకూడదు. వలస వచ్చినవాడి పటంలో దేవుడికి మొక్కడానికి పక్కింటి తమిళుడికి అడ్డేముంది? అలా కలిసిపోవడం గొప్ప సంగతే. కానీ ఏటిగట్టున వణికిన ఆ రాత్రి రంగుల్లోకి రాలేదు.

మరొక వలసవాడు తన ఎడబాటును రంగుల్లోకి తెచ్చాడు. కొరియా చిత్రకారుడు కిమ్ వాన్‌కీ 1963లో న్యూయార్కు చేరాడు. 1970లో పెద్ద నూలుగుడ్డ మీద నీలి చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో చుక్క పెడుతూ వదిలి వచ్చిన మనుషులను తలుచుకునేవాడు. ఆ పటానికి పెట్టిన పేరు కూడా ఒక ప్రశ్నే: ఎక్కడ, ఏ రూపంలో మళ్లీ కలుసుకుంటాం? గుర్రాలూ లేవు, ఏరూ లేదు. అయినా ఎడబాటు తెలుస్తుంది.

పత్తి పండే నేల ఇది. పటాలు రాసిన ఊరు ఇక్కడికి దగ్గరే, అచ్చు వేసే ఊరూ దగ్గరే. ఎవరైనా కుంచె పట్టినవాళ్లు ఈ అరుగు మీదికి రావాలి, త్వరగా రావాలి. కొమ్మ ఏ గట్టు నుంచి వంగింది, ముందు దాటిందెవరు, పసివాళ్లను ఎవరెత్తుకున్నారు, వెనక ఉండిపోయినవాళ్ల పేర్లేమిటి? అవ్వ చెబుతుంది. అడగాలి, అడిగి గీయాలి.