నమూనా వెనుక మనిషి: జర్మనీలో ఖైదీలైన భారత సిపాయిల గొంతులు

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) పది లక్షలకు పైగా భారతీయులు సముద్రం దాటి వెళ్లారు. వారిలో డెబ్బై వేలకు పైగా తిరిగి రాలేదు. ఆ యుద్ధం గురించి సేనానులు, మంత్రులు రాసిన పుస్తకాలకు లెక్క లేదు. సిపాయి తన నోటితో తాను చెప్పుకున్నది మాత్రం చాలా తక్కువగా మిగిలింది. ఆ తక్కువలో ఒక భాగం భాషాశాస్త్రం పుణ్యమా అని మిగిలింది. దానిని మిగిల్చిన పండితులు ఏం విన్నారు, ఏం వినలేదు అన్న ప్రశ్న మాండలికాలు సేకరించే ప్రతి విద్యార్థికీ సంబంధించినది. అందుకే ఈ వ్యాసం.

1914 సెప్టెంబరు చివరలో లాహోర్ డివిజన్ ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగింది. మీరట్ డివిజన్ దాని వెనుకే వచ్చింది. అక్టోబరు ముగిసేలోగానే మన సిపాయిలు బెల్జియం, ఫ్రాన్సు సరిహద్దు కందకాలలో పోరాడుతున్నారు. 1915 మార్చిలో న్యూవ్ షాపెల్ దగ్గర జరిగిన యుద్ధంలో వారి నష్టం భారీగా ఉంది. ఆ ఊళ్లో 1927లో ఆవిష్కరించిన స్మారకం మీద, సమాధి ఎక్కడుందో తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కి ఉన్నాయి. పదాతి దళాలను 1915 చివర అక్కడి నుంచి మెసపొటేమియాకు తరలించారు.

ఈ పటాలాలలో తెలుగువారు కొద్దిమందే. ఒకప్పుడు మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. అయితే 1880ల నుంచి లార్డ్ రాబర్ట్స్ వంటి సేనానులు కొన్ని కులాలు, జాతులు మాత్రమే యుద్ధానికి పుట్టినవని వాదించారు. ఆ వాదం ప్రకారం మద్రాసు పదాతి పటాలాలను తగ్గిస్తూ పంజాబు, నేపాలు, గఢ్వాల్ ప్రాంతాలవారిని ఎక్కువగా చేర్చుకున్నారు. అందువల్ల ఇక్కడ ప్రస్తావించే గొంతు పంజాబీ గొంతు. అయినా దానిని రికార్డు చేసిన పద్ధతికీ తెలుగు మాండలికాల చరిత్రకూ ఒక బంధుత్వం ఉంది. దాని సంగతి తరువాత చూద్దాం.

సిపాయిల ఉత్తరాల సంగతి ముందు చెప్పుకోవాలి. 1914 చివరి నుంచి ఫ్రాన్సులోని బులోన్ పట్టణంలో హోవెల్ అనే అధికారి కింద భారతీయుల ఉత్తరాలకు సెన్సారు కార్యాలయం నడిచింది. సిపాయిలలో చాలామందికి చదువు రాదు. వారు చెబుతూ ఉంటే రాయగలవాడు ఉర్దూలోనో, గురుముఖిలోనో, హిందీలోనో రాసేవాడు. సెన్సారు అధికారులు అందులోంచి ముఖ్యమనుకున్న భాగాలను ఇంగ్లీషులోకి మార్చి ప్రభుత్వానికి నివేదిక పంపేవారు. మనకు దక్కింది ఆ ఇంగ్లీషు నకలే. పంజాబు రైతు నోటి మాట మొదట రాతగాడి భాషలోకి, ఆ తరువాత అధికారి భాషలోకి మారింది. అర్థం మిగిలింది గాని గొంతు మిగలలేదు. పైగా తమ ఉత్తరాలు ఎవరో చదువుతారని సిపాయిలకు తెలుసు. నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్ర మిరపకాయలు వాడుతున్నారు అని ఒకరు ఇంటికి రాశారు. నల్లవి భారత సైనికులు, ఎర్రవి తెల్లవాళ్లు. ఆ గూఢార్థం సెన్సారుకు తెలిసిపోయింది.

సిపాయి తరఫున మాట్లాడినవారు ఇంకా ఉన్నారు. వారిలో ఇద్దరు హైదరాబాదులో ఒకే ఇంట్లో పుట్టినవారు. సరోజినీ నాయుడు 1915లో పరదేశపు మట్టిలో కలిసిపోయిన భారత సైనికుల గురించి ఇంగ్లీషులో ఒక కవిత రాశారు. అదే కాలంలో ఆమె తమ్ముడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ బెర్లిన్‌లో భారత స్వాతంత్ర్యం కోసం ఏర్పడిన సంఘానికి ప్రముఖుడు. జర్మన్లకు చిక్కిన భారత సిపాయిలను బ్రిటన్ మీదికి తిప్పాలని ఆ సంఘం ప్రయత్నించింది. అక్క చనిపోయినవారి గురించి రాస్తే, తమ్ముడి సంఘం బతికి ఖైదీలైనవారితో మాట్లాడింది. చటోపాధ్యాయను 1937లో సోవియట్ రష్యాలో కాల్చి చంపారు.

ఆ ఖైదీలు ఉన్నది బెర్లిన్‌కు దక్షిణాన వున్స్‌డోర్ఫ్ దగ్గర. అక్కడి 'నెలవంక శిబిరం'లో బ్రిటిష్, ఫ్రెంచి వలసల నుంచి వచ్చిన సైనికులను ఉంచారు. వారిని మెప్పించడానికి 1915లో కొయ్యతో మసీదు కట్టారు. హిందీ, ఉర్దూలలో 'హిందోస్తాన్' అనే పత్రిక పంచారు. అన్ని దేశాల మనుషులు ఒకచోట దొరకడంతో పండితులూ వచ్చారు. మానవశాస్త్రజ్ఞులు తలలు కొలిచారు, భాషావేత్తలు గొంతులు రికార్డు చేశారు. కార్ల్ స్టుంఫ్ అధ్యక్షుడుగా, విల్హెల్మ్ డేగెన్ నిర్వాహకుడుగా 1915లో ఏర్పడిన ప్రష్యా ధ్వనిముద్రణ సంఘం 1918 వరకు జర్మనీలోని ఖైదీల శిబిరాలలో సుమారు 250 భాషలు, మాండలికాలు రికార్డు చేసింది. గ్రామఫోను ప్లేట్లే 1,600కు పైగా తయారయ్యాయి. భారతీయ భాషల పని ప్రసిద్ధ సంస్కృత పండితుడు హైన్రిక్ ల్యూడర్స్ చూశాడు.

పద్ధతి కట్టుదిట్టమైనది. చెప్పవలసిన పాఠం ముందే రాయాలి. రెండు మూడు సార్లు అభ్యాసం చేయించాలి. తరువాత ఖైదీ బాకా ముందు నిలబడి రెండు మూడు నిమిషాలు చదవాలి. వక్త పేరు, వయస్సు, పుట్టిన ఊరు, వృత్తి, తెలిసిన భాషలు ఒక పత్రంలో నింపుతారు. శాస్త్రరీత్యా ఇందులో తప్పు పట్టవలసింది లేదు. కాని ఖైదీ కాదనగలిగే స్థితిలో లేడన్నది మరువరాదు.

1916 డిసెంబరు 11న పంజాబులోని ఫిరోజ్‌పూర్ జిల్లాకు చెందిన మాల్ సింగ్ ఆ బాకా ముందు నిలబడ్డాడు. అతడికి ఇచ్చిన సమయం రెండు నిమిషాల లోపు. తన గురించి 'నేను' అని కాకుండా 'ఒక మనిషి' అని మొదలుపెట్టాడు. ఆ మనిషి హిందుస్థానంలో వెన్న తినేవాడు, పాలు తాగేవాడు. ఇంగ్లీషువారి కొలువులో చేరాడు. ఐరోపా యుద్ధానికి వచ్చి జర్మన్లకు చిక్కాడు. ఇంటికి వెళ్లాలని ఉంది. ఇంకా రెండేళ్లు ఇక్కడే ఉంటే చచ్చిపోతాడు. దేవుడు కరుణించి సంధి కుదిరితే వెళ్లిపోవచ్చు. సారాంశం ఇంతే. మన పల్లెల్లో 'అనగనగా ఒక మనిషి' అని ఎత్తుకున్నట్టే అతడు తన బతుకును కథగా ఎత్తుకున్నాడు. మన కథలు 'కథ కంచికి, మనం ఇంటికి' అని ముగుస్తాయి. మాల్ సింగ్ కథలో తేలని విషయం ఆ ఇంటికి వెళ్లడమే. పండితులకు కావలసింది పంజాబీ నమూనా. అతడు నమూనా ఇచ్చాడు, దానిలోనే తన మొర పెట్టుకున్నాడు.

ముందు చెప్పిన బంధుత్వం ఇక్కడే ఉంది. ఆ సంఘం ముఖ్యంగా బ్రిటిష్ ఖైదీల చేత తరచు చదివించిన పాఠం బైబిలులోని తప్పిపోయిన కుమారుడి కథ. దూరదేశం వెళ్లి, ఆకలితో అలమటించి, తండ్రి ఇంటికి తిరిగి వచ్చిన కొడుకు కథను ఖైదీలు చదవవలసి వచ్చింది. గ్రియర్సన్ తన భారతీయ భాషా సర్వేలో భాషలను పోల్చడానికి ఎంచుకున్న పాఠమూ ఇదే. ఆ సర్వే మద్రాసు రాష్ట్రంలోకి, హైదరాబాదు సంస్థానంలోకి వెళ్లలేదు. అందుచేత 1906లో వెలువడిన దాని నాలుగవ సంపుటంలో కనిపించే తెలుగు చాలావరకు బయటి తెలుగు: కోమ్టావు, సాలేవారి, గోలారి, వడరి, కామాఠి, దాసరి. ఈ పత్రిక చదువుతున్న మీలో కొందరి పూర్వులు మాట్లాడిన భాష అది. అక్కడ నమూనా మీద మాండలికం పేరు, జిల్లా పేరు ఉంటాయి. చెప్పినవారి పేరు మామూలుగా ఉండదు.

యుద్ధం 1918 నవంబరులో ముగిసింది. బతికినవారు ఇళ్లకు చేరారు. శిబిరంలో చనిపోయినవారు సమీపంలోని త్సేరెన్స్‌డోర్ఫ్ శ్మశానంలో ఉండిపోయారు. అక్కడ రెండు వందలకు పైగా భారత సైనికుల సమాధులు ఉన్నాయి. తరువాత ఆ నేల సోవియట్ సైన్యపు శిక్షణ ప్రాంతమై చాలాకాలం ఎవరూ చూడక పాడుపడింది. శ్మశానాన్ని బాగుచేసి 2005లో తిరిగి తెరిచారు. గొంతులు బెర్లిన్ ధ్వని భాండాగారంలో ఉండిపోయాయి. ఫిలిప్ షెఫ్నర్ 2007లో తీసిన డాక్యుమెంటరీ చిత్రం మాల్ సింగ్ గొంతును లోకానికి వినిపించింది. తొంభై ఏళ్ల తరువాత ఆ ప్లేటును భాషానమూనాగా కాక ఒక మనిషి మాటగా విన్నారు.

బళ్లారిలో, హోసూరులో, గంజాంలో, యానాంలో మీరు మాండలికాలు సేకరిస్తున్నప్పుడు పదాల పట్టిక తప్పక నింపండి. ధ్వనులు జాగ్రత్తగా రాయండి. ఆ పని అయ్యాక యంత్రం వెంటనే కట్టేయకండి. 'మీరు చెప్పదలచుకున్నది ఏమైనా ఉందా?' అని అడగండి. మీ ఊళ్లలో సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దలు ఉంటే ముందుగా వారి దగ్గరికి వెళ్లండి. 1971 యుద్ధానికి ఇరవై ఏళ్లున్నవారు ఇప్పుడు డెబ్బై దాటారు. వారి తెలుగులో బారకాసుల హిందీ, ఇంటి యాస, ఉన్న రాష్ట్రపు భాష కలిసి ఉంటాయి. ఆ కలగలుపు మన శాస్త్రానికి విలువైనదే. ఆ భాషలో వారు చెప్పే మాట అంతకన్నా విలువైనది. వారి అనుమతితో, వారి పేరుతో, వారు చెప్పిన తీరుగానే దానిని భద్రం చేయండి.