వాతావరణ మార్పు – సమకాలీన కళ

భూమి సగటు ఉష్ణోగ్రత పెరగడం, హిమానీనదాలు కరగడం, సముద్రమట్టం పెరగడం వంటి పరిణామాలను ఇతివృత్తంగా స్వీకరించే నేటి చిత్ర, శిల్ప, దృశ్య కళారూపాలను వాతావరణ మార్పు కళ అనవచ్చును. ఇది పర్యావరణ కళలో ఒక శాఖ. శాస్త్రజ్ఞులు అంకెలలో చెప్పే విషయాన్ని కంటికి కనిపించేటట్లు, చేతికి తగిలేటట్లు చేయడం దీని ప్రధాన లక్షణం.

నేపథ్యం

వాతావరణ మార్పు దశాబ్దాల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. అందువలన దానిని ఒక్క రోజులో ఎవరూ చూడలేరు. 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాలో పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అటువంటి ఒక్క తుఫానుకు వాతావరణ మార్పే కారణమని తేల్చి చెప్పడం కష్టం. అయితే సముద్రజలాలు వేడెక్కితే తీవ్రమైన తుఫానులకు అవకాశం పెరుగుతుంది. ఈ సంబంధాన్ని సామాన్యునికి తెలియజేయడానికి కళ ఒక సాధనం.

ముఖ్యమైన కళాకృతులు

* ఐస్ వాచ్: ఓలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు, మినిక్ రోసింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కలిసి గ్రీన్‌లాండ్ సముద్రజలాలలో తేలుతున్న మంచుగడ్డలను తెచ్చి కోపెన్‌హాగన్ (2014), పారిస్ (2015), లండన్ (2018) నగరాలలో బహిరంగ ప్రదేశాలలో ఉంచారు. ప్రజలు వాటిని తాకుతుండగానే అవి కరిగిపోయాయి.
* ఉష్ణోగ్రత చారలు: బ్రిటన్‌కు చెందిన వాతావరణ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ 2018లో రూపొందించాడు. ఒక్కొక్క చార ఒక్కొక్క సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత. నీలం చల్లదనాన్ని, ఎరుపు వేడిని సూచిస్తాయి. విద్యార్థులు తరగతి గదిలోనే వీటిని గీయవచ్చును.
* సైకత శిల్పాలు: ఒడిషాకు చెందిన సుదర్శన్ పట్నాయక్ (పద్మశ్రీ, 2014) పూరీ తీరంలో భూతాపంపై ఇసుక శిల్పాలు మలిచాడు.

కళాసామగ్రి – విమర్శ

మంచును అంత దూరం నుండి తరలించడానికి ఇంధనం కాల్చవలసి వచ్చింది. భూమి వేడిని గూర్చి హెచ్చరించే కళ తానే ఆ వేడిని పెంచవచ్చునా అన్నది ఈ కళపై ప్రధాన విమర్శ. కనుక కళాకృతి ఏమి చెబుతున్నదో చూసినట్లే, దేనితో తయారయిందో కూడా చూడవలసి ఉంటుంది.

ఉత్తరాంధ్రలో

ఈ దృష్టితో చూస్తే ఉత్తరాంధ్ర హస్తకళలకు ప్రత్యేక స్థానం ఉంది. ఆమదాలవలసకు సమీపంలోని పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరచి, చేతితో నూలు వడికి ఖద్దరు నేస్తారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు. రసాయనిక రంగుల స్థానంలో పసుపు, నీలిమొక్క వంటి వాటి నుండి తీసిన రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇవి వాతావరణ మార్పుకు ప్రతిస్పందనగా పుట్టినవి కావు. అయినా తక్కువ ఇంధనంతో, స్థానిక సామగ్రితో కళ సాధ్యమని చూపుతున్నాయి. పత్తి పైరు, అంకుడు చెట్టు రెండూ వానమీద ఆధారపడినవే. వానలు క్రమం తప్పితే ఈ కళలకు ముడిసరుకే కరువవుతుంది.