బొమ్మ కోసం పుట్టిన వీరుడు

1986 ఆగస్టులో అమెరికా సినిమా హాళ్లలో చిన్నపిల్లలు వెక్కివెక్కి ఏడ్చారు. 'ట్రాన్స్‌ఫార్మర్స్: ద మూవీ' మొదలై అరగంటైనా గడవకముందే వారి నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ కన్నుమూశాడు. రెండేళ్లుగా టీవీలో కనిపించిన వీరుడతడు. కథ అతని మరణాన్ని కోరలేదు. దుకాణాల అరల్లో పాత బొమ్మల స్థానంలో కొత్త బొమ్మలు రావలసి ఉంది. ఆ ఏడాది విడుదల చేయబోయే సరుకుకు చోటు కల్పించేందుకు పాత పాత్రలను ఒక్కొక్కటిగా చంపేశారు. ఆ బొమ్మలను పిల్లలు సరుకుగా చూడడం లేదన్న సంగతి కంపెనీకి తర్వాత గానీ తెలియలేదు.

నేడు యాభై ఏళ్లకు చేరువవుతున్న ఒక తరం ఈ కార్టూన్‌ను తలచుకొని పులకిస్తుంది. ఆ పులకింత వెనుక ఒక రాజకీయ చరిత్ర ఉంది. అది వాషింగ్టన్ కార్యాలయాల్లో మొదలవుతుంది.

1969లో 'హాట్ వీల్స్' అనే ఆటబొమ్మ కార్ల పేరుతో ఏబీసీ ఒక కార్టూన్ ప్రసారం చేసింది. పోటీ బొమ్మల కంపెనీ ఒకటి దానిపై ఫిర్యాదు చేసింది. అది కార్యక్రమం ముసుగులో ఉన్న ప్రకటన అని ఆ కంపెనీ వాదన. ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ వాదనతో చాలావరకు ఏకీభవించింది. కార్యక్రమంలో కొంత భాగాన్ని వాణిజ్య సమయంగా లెక్కించాలని చెప్పింది. ఆ తర్వాత దాదాపు పుష్కరకాలం బొమ్మను నాయకుడిగా పెట్టి కార్టూన్ తీసే సాహసం పెద్దగా ఎవరూ చేయలేదు. పెగ్గీ చారెన్ 1968లో ప్రారంభించిన తల్లుల ఉద్యమం 'యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్' ఈ విషయంలో ప్రభుత్వాన్ని నిరంతరం వెంటాడింది. 1974లో ఎఫ్‌సీసీ పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల సమయానికి హద్దులు సూచించింది.

అక్కడి నుంచి గాలి మళ్లింది. 1978లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చిన్నపిల్లలను లక్ష్యంగా చేసుకునే ప్రకటనలపై నిషేధాన్ని పరిశీలించింది. ప్రకటనదారులు, ప్రసారకర్తలు, తినుబండారాల కంపెనీలు ఒక్కటై ఎదురు తిరిగాయి. ప్రభుత్వం దేశమంతటికీ ఆయాగా మారుతోందని పత్రికలు ఎద్దేవా చేశాయి. 1980లో కాంగ్రెస్ ఆ కమిషన్ అధికారాలకే కత్తెర వేసింది. మరుసటి ఏడాది రొనాల్డ్ రీగన్ అధ్యక్షుడయ్యాడు. ఆయన నియమించిన ఎఫ్‌సీసీ అధ్యక్షుడు మార్క్ ఫౌలర్ దృష్టిలో టీవీ కూడా రొట్టెలు కాల్చే టోస్టర్ వంటి ఒక గృహోపకరణమే, కాకపోతే దృశ్యాలు చూపిస్తుంది. 1984లో ప్రకటనల సమయంపై ఉన్న హద్దులు తొలగిపోయాయి. అప్పటికే 1983లో మాటెల్ కంపెనీ 'హీ-మ్యాన్' కార్టూన్ దారి చూపింది. హాస్‌బ్రో కంపెనీ ఆ దారినే అందిపుచ్చుకొంది.

హాస్‌బ్రో చేతికి వచ్చిన బొమ్మలు దాని సొంత సృష్టి కావు. జపాన్‌కు చెందిన టకారా కంపెనీ 1980 నుంచి 'డయాక్లోన్', ఆ తర్వాత 'మైక్రో చేంజ్' పేర్లతో రూపం మార్చే బొమ్మలు అమ్ముతోంది. కారు మడతలు విప్పితే రోబో. క్యాసెట్ ప్లేయర్ విప్పితే రోబో. పిస్తోలు విప్పినా రోబోయే. డయాక్లోన్‌లో ఆ రోబోలకు ప్రాణం లేదు. లోపల కూర్చొని నడిపే చిన్న మనుషుల బొమ్మలు ఉండేవి. హాస్‌బ్రో ఆ మనుషులను తీసివేసి యంత్రాలకే ప్రాణం పోయాలనుకొంది. ఆ పని మార్వెల్ కామిక్స్‌కు అప్పగించింది. జిమ్ షూటర్ మూలకథ అల్లాడు. డెన్నిస్ ఓ'నీల్ 'ఆప్టిమస్ ప్రైమ్' అన్న పేరు పెట్టాడు. మిగిలిన పాత్రల్లో చాలావాటికి పేర్లు, స్వభావాలు, బలహీనతలు రాసినవాడు బాబ్ బుడియాన్‌స్కీ. బొమ్మ డబ్బా వెనుక అచ్చయిన ఆ చిన్న పరిచయాలను పిల్లలు కత్తిరించి దాచుకొనేవారు. బలం, వేగం, ధైర్యం వంటి గుణాల అంకెలు చదవాలంటే ఎర్రటి ప్లాస్టిక్ ముక్కను కంటికి అడ్డుపెట్టుకోవాలి. వ్యాపారమే అయినా అందులో పిల్లల కుతూహలం తెలిసినవారి చేయి ఉంది.

మన కొండపల్లిలో కథ ముందు, బొమ్మ తర్వాత. దశావతారాలు జనం నోట నానిన తర్వాతే తెల్లపొణికి చెక్కలోకి దిగాయి. ఇక్కడ ఆ క్రమం తలకిందులైంది. బొమ్మ ముందే గోదాములో ఉంది. దానికొక పురాణం కావలసి వచ్చింది.

1984 సెప్టెంబరులో మొదలైన కార్టూన్ 1987 నవంబరు దాకా 98 ఎపిసోడ్లు నడిచింది. తొలి విడత 16, రెండవ విడత 49. కలిపితే 65. ఆ సంఖ్యలో ఒక లెక్క ఉంది. వారానికి ఐదు రోజుల చొప్పున పదమూడు వారాలు ప్రసారం చేస్తే 65 అవుతుంది. స్థానిక స్టేషన్లకు రోజువారీ కార్యక్రమంగా అమ్మడానికి అనువైన మూట అది. ఉత్పత్తి చేసిన సన్‌బో సంస్థ ఒక ప్రకటనల ఏజెన్సీకి అనుబంధం. పాత్రల రూపకల్పనలో ముఖ్యుడు ఫిలిప్పీన్స్ చిత్రకారుడు ఫ్లోరో డెరీ. బొమ్మలు గీసింది తొలుత టోక్యోలోని తోయీ, తర్వాత దక్షిణ కొరియాలోని అకోమ్. అమెరికా బాల్యంగా చెప్పుకొనే ఈ జ్ఞాపకంలో ఆసియా కార్మికుల శ్రమ అధికభాగం. జపాన్ వస్తువులపై అమెరికాలో ఆగ్రహం పెరుగుతున్న రోజులవి. 1987లో కాంగ్రెస్ సభ్యులు కొందరు క్యాపిటల్ ముందు పచ్చికలో తోషిబా రేడియోను సుత్తులతో బద్దలు కొట్టారు. సరిగ్గా అదే కాలంలో వారి ఓటర్ల పిల్లలు జపాన్ క్యాసెట్ ప్లేయర్ రూపంలోని సౌండ్‌వేవ్‌ను పక్కన పెట్టుకొని నిద్రపోయేవారు.

కథలోనూ ఆనాటి రాజకీయం దాగలేదు. సైబర్‌ట్రాన్ గ్రహంలో ఇంధనం అడుగంటింది. మెగాట్రాన్ సేన భూమిపై శక్తి వనరులను దోచుకోవడానికి వస్తుంది. తొలి ఎపిసోడ్లలోనే ఒక సముద్రపు చమురు రిగ్గు, ఆపై ఒక జలవిద్యుత్ ఆనకట్ట దాడికి గురవుతాయి. చమురు సంక్షోభాలను చవిచూసిన డెబ్బయ్యవ దశకపు భయమే అది. 1986లో అమెరికా లిబియాపై బాంబులు వేసింది. అదే ఏడాది మూడో విడతలో 'కార్‌బోంబ్యా' అనే కల్పిత అరబ్ దేశం ప్రత్యక్షమైంది. దాని రాజధాని పొలిమేరలో నాలుగు వేల మంది జనం, పది వేల ఒంటెలు అన్న బోర్డు. లెబనాన్ మూలాలున్న ప్రఖ్యాత రేడియో వ్యాఖ్యాత కేసీ కేసమ్ అప్పటికి ఈ కార్టూన్‌లో పలు పాత్రలకు గాత్రం ఇస్తున్నాడు. ఆ రాతప్రతి చూసి ఆయన తప్పుకొన్నాడు. పిల్లల కార్యక్రమంలో ఒక జాతిని అవమానించడం చిన్న విషయం కాదని ఆయన భావించాడు. నోస్టాల్జియా సాధారణంగా మరచిపోయే ఘట్టమిది. నిజానికి గుర్తుంచుకోదగినది.

మరి ఆ పిల్లల కన్నీళ్లు దేనికి? ఆప్టిమస్‌కు గాత్రమిచ్చిన పీటర్ కలెన్ ఆ గొంతును వియత్నాంలో పనిచేసిన మెరైన్ అధికారి, తన అన్న లారీ నుంచి తెచ్చుకొన్నాడు. నిజమైన బలవంతుడు అరవనక్కరలేదని, మెత్తగా మాట్లాడగలడని అన్న చెప్పిన మాటను పాత్రలో నిలిపాడు. బొమ్మ అమ్మడానికి అంత నిబ్బరమైన గొంతు అవసరం లేదు. అయినా అది అక్కడ ఉంది. ఎందరో పిల్లలకు అది ఇంట్లో దొరకని పెద్దదిక్కు గొంతు. ఆప్టిమస్ మరణంపై వచ్చిన నిరసనకు జడిసి హాస్‌బ్రో తన మరో కార్టూన్ 'జీ.ఐ. జో' చిత్రంలో ఒక నాయకుని మరణాన్ని కోమాగా మార్చింది. 1987లో ఆప్టిమస్‌ను తిరిగి బతికించింది. సరుకు తయారుచేసినవారి లెక్కను కొనుగోలుదారుల ప్రేమ ఓడించిన అరుదైన సందర్భం అది.

భారతదేశానికి ఆ గాలి ఆలస్యంగా, వేరే రూపంలో వచ్చింది. ఎనభయ్యవ దశకంలో దూరదర్శన్ 'హీ-మ్యాన్'ను చూపించింది. కార్టూన్ వచ్చింది గానీ బొమ్మ సులువుగా రాలేదు. దిగుమతి ఆంక్షలు అడ్డు నిలిచాయి. హాస్‌బ్రో భాగస్వామ్యంతో ఎంఆర్‌ఎఫ్ సంస్థ 1987లో ఫన్‌స్కూల్‌ను స్థాపించిన తర్వాతే అటువంటి బొమ్మలు కొన్ని నగరాల దుకాణాలకు చేరాయి. వినియోగ వస్తువుల దిగుమతిపై చివరి పరిమాణ ఆంక్షలు 2001 ఏప్రిల్‌లో గానీ తొలగలేదు. ప్రకటన చేరి సరుకు చేరని చోట మధ్యతరగతి పిల్లలు అట్టముక్కలతో, అగ్గిపెట్టెలతో తమ వీరులను తామే చేసుకొన్నారు.

అమెరికాలో తల్లుల పోరాటం పూర్తిగా వృథా కాలేదు. 1988లో కాంగ్రెస్ ఆమోదించిన బిల్లును రీగన్ సంతకం చేయకుండా ఆపేశాడు. 1990లో చిల్డ్రన్స్ టెలివిజన్ చట్టం వచ్చింది. జార్జ్ బుష్ సంతకం లేకుండానే అది అమలులోకి వచ్చింది. పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలు పనిదినాల్లో గంటకు 12 నిమిషాలు, వారాంతాల్లో పదిన్నర నిమిషాలు మించరాదన్నది. అయితే బొమ్మ ఆధారంగా కార్టూన్ తీయడాన్ని ఎఫ్‌సీసీ తప్పు పట్టలేదు. ఆ కార్టూన్ మధ్యలో అదే బొమ్మ ప్రకటన వేయకూడదని మాత్రం చెప్పింది. కార్యక్రమమే ప్రకటన కదా అన్న 1969 నాటి ప్రశ్న అలాగే మిగిలింది.

ఆ ప్రశ్న నేడు పిల్లల చేతిలోని ఫోన్‌లోకి మారింది. బొమ్మల డబ్బాలు విప్పి చూపే వీడియోలకు ఎపిసోడ్ల లెక్క లేదు, వేళ లేదు. 1984 నాటి పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులు. పాత అచ్చులతోనే మళ్లీ తయారైన ఆప్టిమస్‌ను తమ కోసం కొనుక్కొంటున్నారు. వారి ప్రేమలో అబద్ధం లేదు. ఆ ప్రేమకు సందు తెరచిన నిర్ణయాన్ని మాత్రం ఏ బిడ్డనూ, ఏ తల్లినీ అడిగి తీసుకోలేదు. తమ పిల్లల తెరపై ఎవరి లెక్క నడుస్తోందో అడగవలసిన వంతు ఇప్పుడు ఆ తరానిదే.